బ్లూ స్క్రీన్ మీది పేరు దోషిదేనా? నెట్‌వర్క్ డ్రైవర్ క్రాష్‌లను తేల్చే పద్ధతి

క్లుప్తంగా: నెట్‌వర్క్ డ్రైవర్ (నెట్ కార్డును విండోస్ చేత నడిపించే సాఫ్ట్‌వేర్) వల్ల కంప్యూటర్ ఆగిపోయినప్పుడు తెర మీద కనిపించే ఫైలు పేరు తప్పు ఎక్కడ బయటపడిందో చెబుతుంది. తప్పు ఎవరిదో అన్నిసార్లూ చెప్పదు. క్రాష్ ఏ పని మధ్యలో వచ్చిందన్నది అంతకన్నా గట్టి ఆధారం. కరెంటు, నెట్ తరచూ పోయి వచ్చే చోట డ్రైవర్లలో దాగిన లోపాలు త్వరగా బయటికొస్తాయి. ముందు కరెంటు పోవడాన్నీ క్రాష్‌నూ వేరు చేయాలి, తర్వాత ఒకసారి ఒక మార్పే చేయాలి.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల్లో తెలుగువారు నడిపే జెరాక్స్ షాపుల్లో, నెట్ సెంటర్లలో, జన సేవా కేంద్రాల్లో ఒకే కంప్యూటర్ మీద చాలా బరువు పడుతుంది. బ్రాడ్‌బ్యాండ్ వైరు ఒకటి, అది పోయినప్పుడు ఫోన్ టెథరింగ్, పక్కన వేలిముద్ర యంత్రం, వెబ్‌క్యామ్, రెండు ప్రింటర్లు. దరఖాస్తు నింపి ఫీజు కట్టే వేళకు తెర నీలంగా మారి యంత్రం దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. రిపేరు షాపుకు తీసుకెళ్తే సాధారణంగా జరిగేది ఒకటే: విండోస్ మళ్లీ వేసిస్తారు. నాలుగు రోజులు బాగా నడిచి, మళ్లీ మొదటికొస్తుంది. అందులో వింతేమీ లేదు. కొత్తగా వేసిన విండోస్ నెట్‌కు కలవగానే విండోస్ అప్‌డేట్ ద్వారా అదే కార్డుకు అదే డ్రైవర్‌ను తెచ్చుకుంటుంది. రోగం పోలేదు, డేటా మాత్రం పోయింది.

ప్రింటర్ డ్రైవర్‌కూ నెట్ డ్రైవర్‌కూ ఉన్న తేడా

ప్రింటర్ డ్రైవర్ చెడితే ప్రింట్ ఆగుతుంది, కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది. నెట్ డ్రైవర్ చెడితే కంప్యూటరే ఆగుతుంది. ఈ తేడా అవి నడిచే చోటులో ఉంది. బ్రౌజర్, వర్డ్, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ వంటివి యూజర్ మోడ్‌లో నడుస్తాయి. తమకు కేటాయించిన మెమరీని దాటి ముట్టుకోలేవు. వాటిలో ఒకటి తప్పు చేస్తే విండోస్ దాన్ని మూసేస్తుంది. విస్టా నాటి నుంచి ప్రింటర్ డ్రైవర్లను కూడా కెర్నెల్ (విండోస్‌కు గుండెకాయ లాంటి లోపలి భాగం) బయటే నడుపుతున్నారు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మాత్రం ఇప్పటికీ కెర్నెల్ లోపలే ఉంటుంది.

కెర్నెల్‌లో నడిచే కోడ్ అంతా ఒకే మెమరీని పంచుకుంటుంది, మధ్యలో గోడల్లేవు. ఒక డ్రైవర్ తనది కాని చోట రాసిందంటే ఇంకేమేం చెడిందో విండోస్‌కు తెలిసే దారి లేదు. ఆ స్థితిలో ముందుకు సాగితే హార్డ్‌డిస్క్ మీద తప్పుడు సమాచారం రాసేయవచ్చు. అందుకని యంత్రాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. 2024 జులై 19న ప్రపంచవ్యాప్తంగా విమానాశ్రయాలు, బ్యాంకులు స్తంభించిన ఘటనలో జరిగిందీ ఇదే. అది నెట్ డ్రైవర్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు చెందిన కెర్నెల్ డ్రైవర్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దెబ్బతిన్న యంత్రాలు 85 లక్షలు.

నెట్ డ్రైవర్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. ప్యాకెట్ (నెట్‌లో వచ్చే డేటా ముక్క) రాగానే కార్డు ప్రాసెసర్‌కు ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం, పంపుతుంది. డ్రైవర్ దానికి వెంటనే బదులిచ్చి, మిగతా పనిని డీపీసీ అనే క్యూలో పెడుతుంది. డీపీసీ నడిచేది ఐఆర్‌క్యూఎల్ (పని ఎంత అత్యవసరమో చెప్పే అంకె) 2 స్థాయిలో. మామూలు ప్రోగ్రాములు ఉండేది 0లో. 0లో ఉన్న కోడ్ డిస్క్ మీదికి వెళ్లిపోయిన మెమరీ పేజీని అడిగితే విండోస్ కాసేపు ఆపి తెచ్చిపెడుతుంది. 2లో ఆగే వీలే లేదు. అక్కడ ఉండగా అలాంటి పేజీని గానీ, అప్పటికే విడిచిపెట్టేసిన మెమరీని గానీ ముట్టుకుంటే వచ్చేదే "డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్", అంటే స్టాప్ కోడ్ (క్రాష్ రకాన్ని చెప్పే సంఖ్య) డి1.

ఒకరోజు వచ్చి పది రోజులు రాకుండా ఉండటానికి కారణం కూడా ఇందులోనే ఉంది. తప్పు కోడ్ రోజూ నడుస్తూనే ఉండవచ్చు. అది అడిగే పేజీ అప్పటికి ర్యామ్‌లోనే ఉంటే ఏమీ కాదు. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో బ్రౌజర్ ట్యాబులు పాతిక తెరిచి, పక్కన స్కానింగ్ నడుస్తుంటే ర్యామ్ నిండి పేజీలు డిస్క్‌కు వెళ్తాయి. అదే తప్పు ఆ రోజు క్రాష్ అవుతుంది. రద్దీ ఉన్న రోజే ఆగిపోతోందన్న షాపు యజమాని ఫిర్యాదును కొట్టిపారేయకూడదు.

సరిహద్దు ఊళ్లలో ఎందుకు బయటపడుతుంది

డ్రైవర్‌లో అన్నిటికన్నా బాగా పరీక్షించిన భాగం ప్యాకెట్లు పంపడం, అందుకోవడం. తక్కువ పరీక్షకు గురయ్యేవి కనెక్షన్ తెగడం, మళ్లీ కలవడం, నిద్రలోకి వెళ్లడం, లేవడం, నడుస్తుండగానే పరికరాన్ని పీకేయడం. ఒక పక్క ప్యాకెట్లు వస్తుండగా ఇంకో పక్క మెమరీని ఖాళీ చేస్తున్న ఆ క్షణంలోనే వరుస తప్పి, విడిచిపెట్టిన మెమరీని అదే సమయంలో నడుస్తున్న మరో పని ముట్టుకుంటుంది. నగరంలో యూపీఎస్ మీద, తెగని ఫైబర్ మీద నడిచే కంప్యూటర్‌లో ఈ దారి నెలకు రెండుసార్లు నడిస్తే ఎక్కువ. వానాకాలం సాయంత్రం గుణుపురంలోనో మోహనాలోనో నడిచే కంప్యూటర్‌లో అది గంటకే నాలుగుసార్లు నడవవచ్చు.

కరెంటు పోగానే రెండు జరుగుతాయి. రౌటర్ ఆగి లింకు తెగుతుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారి, పవర్ ప్లాన్‌లోని బ్యాటరీ సెట్టింగులను అమలు చేస్తుంది. బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లో చార్జర్ ఉన్నంతసేపు వైఫై కార్డు పూర్తి సామర్థ్యంతో నడుస్తుంది, బ్యాటరీ మీద మధ్యస్థ పొదుపులోకి వెళ్తుంది. అంటే లింకు తెగిన ఆ క్షణంలోనే కార్డు పవర్ స్థితి కూడా మారుతుంది. లోపమున్న డ్రైవర్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు.

సరిహద్దులో ఫోన్ ఒకసారి ఆంధ్ర టవర్, ఒకసారి ఒడిశా టవర్ పట్టుకుంటుంది కాబట్టి టెథరింగ్‌లో ఉన్న లాప్‌టాప్ క్రాష్ అవుతోందనుకోవడం సహజం. అది సగమే నిజం. టెథరింగ్‌లో టవర్ మారినా ఫోన్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య లింకు తెగదు, నెట్ కాసేపు రాదంతే. డ్రైవర్ దృష్టిలో ఏమీ జరగలేదు. సిమ్ వేసి నేరుగా యూఎస్‌బీకి పెట్టే డేటా కార్డు సంగతి వేరు. అక్కడ కనెక్షన్ స్థితి నేరుగా విండోస్ డ్రైవర్ దాకా వస్తుంది. టెథరింగ్‌లో నిజంగా తెంపేవి వదులైన కేబుల్, బ్యాటరీ సేవర్, కాసేపు వాడకపోతే దానంతటదే ఆగే హాట్‌స్పాట్.

ముందు తేల్చాల్సింది: కరెంటా, క్రాషా

"దానంతటదే ఆఫ్ అయింది" అన్న మాటలో రెండు వేరు సమస్యలు కలిసి ఉంటాయి. యూపీఎస్ బ్యాటరీ నీరసించి క్షణం పాటు వోల్టేజి పడిపోయినా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. దానికి డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చుంటే ఏడాదైనా తేలదు.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్, అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరవాలి. కెర్నెల్-పవర్ 41 అనే ఎంట్రీ సరిగా షట్‌డౌన్ కాకుండా ఎలా ఆగినా వస్తుంది, కాబట్టి అది కనిపించినంత మాత్రాన ఏమీ తేలదు. దాని డీటెయిల్స్ ట్యాబులో బగ్‌చెక్‌కోడ్ అనే వరుస చూడాలి. అక్కడ 0 ఉంటే కరెంటు పోయి ఉండాలి, లేదా యంత్రం బిగుసుకుపోయి ఉండాలి. పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్‌లో సున్నా కాని సంఖ్య ఉంటే ఎవరో బటన్ నొక్కి పట్టుకుని ఆపారన్నమాట. బగ్‌చెక్‌కోడ్‌లో సంఖ్య ఉంటే అది అసలైన క్రాష్. స్టాప్ కోడ్‌లను మామూలుగా హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా) రాస్తారు, ఇక్కడ మాత్రం ఆ సంఖ్య దశాంశంలో ఉంటుంది: 209 అంటే డి1, 159 అంటే 9ఎఫ్, 307 అంటే 133, 126 అంటే 7ఈ. ఈ చిన్న మార్పిడి తెలియక చాలామంది నెట్‌లో వేరే కోడ్ గురించి చదివి వేరే మందు వేస్తారు. ఇంత లోతుకు వెళ్లలేనివారు స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే రోజువారీ చార్టు తెరుచుకుంటుంది, క్రాష్ అయిన రోజు మీద ఎర్ర గుర్తు ఉంటుంది.

డంప్ ఫైలు (క్రాష్ అయిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు) లేకపోతే పరిశోధన అక్కడితో ఆగుతుంది. క్రాష్ సమయంలో విండోస్ మెమరీని ముందు సీ డ్రైవ్‌లోని పేజ్ ఫైలులో (ర్యామ్‌లో పట్టని పేజీలను దాచే ఫైలు) రాసి, తర్వాతి బూట్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి మినీడంప్ ఫోల్డర్‌కు తీస్తుంది. వేగం కోసమని పేజ్ ఫైలు తీసేసిన యంత్రంలో డంప్ దొరకదు. జంక్ శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు కూడా వీటిని తుడిచేస్తాయి. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీలో "ఆటోమేటికలీ రీస్టార్ట్" టిక్ తీసేసి, డంప్ రకంగా "స్మాల్ మెమరీ డంప్" పెడితే తెర నిలిచి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

తెర మీది పేరు ఎవరిది

డంప్‌ను నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూలో తెరిస్తే ఒక ఫైలు పేరు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి విన్‌డీబీజీలో అనలైజ్ ఆదేశం నడిపితే పేరుతో పాటు కాల్ స్టాక్ (ఏ కోడ్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) కూడా వస్తుంది. ఎన్‌డిస్, టీసీపీఐపీ, నెట్‌ఐఓ అనే పేర్లు వస్తే అవి విండోస్ సొంత నెట్‌వర్క్ భాగాలు. ప్రతి ప్యాకెట్టూ వాటి గుండానే పోతుంది కాబట్టి పక్క డ్రైవర్ చేసిన తప్పు వాటి దగ్గర బయటపడుతుంది. పారిపోతున్న దొంగ సంచి పడేస్తే, అది ఎవరి అరుగు మీద దొరికిందో ఆ ఇంటాయనను పట్టుకున్నట్టు ఉంటుంది వాటిని అనుమానించడం. అసలు దోషి కోసం స్టాక్‌లో వాటికి పైనా కిందా ఉన్న, మైక్రోసాఫ్ట్‌వి కాని పేర్లు వెతకాలి. ఆర్‌టీ అని మొదలయ్యేవి ఎక్కువగా రియల్‌టెక్‌వి, నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ అని మొదలయ్యేవి ఇంటెల్ వైఫైవి, బీసీఎం అంటే బ్రాడ్‌కామ్, ఏటీహెచ్ అంటే ఏథెరోస్.

కార్డు డ్రైవర్ కాకుండా మధ్యలో కూర్చునే ఫిల్టర్ డ్రైవర్లు ఇంకో వర్గం. యాంటీవైరస్, ఆఫీసు వీపీఎన్, వర్చువల్‌బాక్స్, ప్యాకెట్లు పట్టే ఎన్‌పీక్యాప్ వంటివి ప్రతి ప్యాకెట్‌నూ ఆపి చూస్తాయి. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిస్తే టిక్ పెట్టెల జాబితాలో వీటిలో చాలావరకు కనిపిస్తాయి. గడువు తీరిన యాంటీవైరస్ మీద మరో యాంటీవైరస్ వేసిన యంత్రంలో రెండు ఫిల్టర్లూ ఒకే ప్యాకెట్ కోసం కొట్టుకుంటాయి. తీసేసేటప్పుడు మామూలు అన్‌ఇన్‌స్టాల్ చాలక డ్రైవర్ మిగిలిపోవడం తరచుగా జరిగేదే. ఆ కంపెనీయే ఇచ్చే రిమూవల్ టూల్ వాడాలి.

ప్రతి క్రాష్‌లోనూ పేరు, కోడ్ మారుతూ ఉంటే, ఒకసారి నెట్, ఒకసారి గ్రాఫిక్స్, ఒకసారి ఫైల్ సిస్టమ్ అంటుంటే, నెట్ డ్రైవర్‌ను వదిలి ర్యామ్‌ను పరీక్షించడం మంచిది. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ మొదటి మెట్టు. మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడిపితే ఇంకా నమ్మకం.

క్రాష్ అయిన క్షణం

ఫైలు పేరు కన్నా ఎక్కువ ఉపయోగపడే సమాచారాన్ని ఏ టూలూ ఇవ్వదు. అప్పుడు ఏం చేస్తున్నారు? కౌంటర్ దగ్గర ఒక కాగితం పెట్టి సమయం, చేస్తున్న పని, కరెంటు స్థితి, నెట్ ఏ దారిలో ఉందో నాలుగు గడుల్లో రాస్తే, మూడో క్రాష్‌కే దిశ కనిపిస్తుంది.

మూత వేసి తీసినప్పుడు, లేదా "షటింగ్ డౌన్" దగ్గర కొన్ని నిమిషాలు తిరిగి తిరిగి బ్లూ స్క్రీన్ వస్తే, కోడ్ 9ఎఫ్ అయితే, నిద్రపొమ్మని విండోస్ ఇచ్చిన ఆదేశాన్ని డ్రైవర్ పూర్తి చేయలేదని అర్థం. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులో "ఎలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్" టిక్ తీయాలి. లాన్ కార్డు అయితే అడ్వాన్స్‌డ్ ట్యాబులో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్, గ్రీన్ ఈథర్‌నెట్ డిసేబుల్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపాలి. ఇది ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా కెర్నెల్ పూర్తిగా మూతపడదు, డిస్క్ మీద నిద్రపోయి మర్నాడు అదే స్థితిలో లేస్తుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా పోని ఇబ్బంది రీస్టార్ట్‌తో పోతోందంటే అనుమానం దీని మీదే పెట్టాలి.

పెద్ద ఫైలు డౌన్‌లోడ్ మధ్యలో, లేదా మౌస్ గీరుకుంటూ కదిలి ఆ తర్వాత 133 వస్తే, డీపీసీ తన గడువు దాటింది. ఒక డీపీసీ 100 మైక్రోసెకన్లు మించకూడదన్నది మైక్రోసాఫ్ట్ మార్గదర్శకం. విండోస్ ఓపిక పట్టే గడువు అంతకన్నా చాలా పెద్దది. అది కూడా దాటిందంటే డ్రైవర్ ఎక్కడో చిక్కుకుంది. ఇక్కడ అడ్వాన్స్‌డ్ ట్యాబులోని లార్జ్ సెండ్ ఆఫ్‌లోడ్ సెట్టింగ్‌ను (పెద్ద డేటాను ముక్కలు చేసే పనిని కార్డుకు అప్పగించేది) ఆపి చూడటం తేలికైన పరీక్ష. వేగం కొద్దిగా తగ్గవచ్చు, దరఖాస్తుల పనికి తేడా తెలియదు. వీపీఎన్ కలిపిన వెంటనే వస్తే ఫిల్టర్. ఫోన్ కేబుల్ పీకగానే వస్తే టెథరింగ్ డ్రైవర్, లేదా యూఎస్‌బీ పోర్టు.

ఫీజు కట్టే మధ్యలో క్రాష్ అయితే రీస్టార్ట్ అయ్యాక మళ్లీ కట్టేయకూడదు. పోర్టల్‌లో లావాదేవీ స్థితి, బ్యాంకు మెసేజ్ రెండూ చూశాకే రెండో ప్రయత్నం.

విడదీసే పరీక్షలు

సేఫ్ మోడ్ (తప్పనిసరి డ్రైవర్లతోనే విండోస్‌ను నడిపే పద్ధతి) రకాల్లో ఇక్కడ పనికొచ్చేవి రెండు. మామూలు సేఫ్ మోడ్‌లో నెట్ డ్రైవర్లు ఎక్కవు. "సేఫ్ మోడ్ విత్ నెట్‌వర్కింగ్"లో ఎక్కుతాయి, బయటి యాంటీవైరస్, వీపీఎన్ ఫిల్టర్లు సాధారణంగా ఎక్కవు. ఈ తేడా వల్లే అవి మంచి పరీక్ష అవుతాయి. మామూలు దాంట్లో నిలిచి, నెట్‌వర్కింగ్ ఉన్న దాంట్లో పడిపోతే కార్డు డ్రైవర్ దోషం. రెండింటిలోనూ నిలిచి మామూలు విండోస్‌లోనే పడిపోతే ఫిల్టర్ మీద, పవర్ సెట్టింగుల మీద అనుమానం. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వస్తాయి. అక్కడ 4 మామూలు సేఫ్ మోడ్, 5 నెట్‌వర్కింగ్‌తో కూడినది. డెస్క్‌టాప్ దాకా రానివ్వకుండా పడిపోతుంటే బూట్ మధ్యలో పవర్ బటన్‌తో రెండు మూడుసార్లు ఆపితే రికవరీ తెర దానంతటదే వస్తుంది. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. కీ లేక లోపలి ఫైళ్లన్నీ పోగొట్టుకోవడం క్రాష్ కన్నా పెద్ద నష్టం.

ఇంకో పరీక్ష దారి మార్చడం. లాన్ కార్డును డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేసి కొన్నాళ్లు వైఫై మీద నడపాలి, తర్వాత తిరగేయాలి. ఎన్నాళ్లు నడపాలన్న దగ్గరే చాలామంది తొందరపడతారు. సగటున రెండు రోజులకోసారి పడిపోయే యంత్రం ఏ మార్పూ చేయకపోయినా, అదృష్టం కొద్దీ రెండు రోజులు నిలిచే అవకాశం సుమారు 37 శాతం ఉంటుంది. అదే ఆరు రోజులు నిలిచే అవకాశం 5 శాతమే. కాబట్టి క్రాష్‌ల మధ్య సగటు వ్యవధికి మూడు రెట్లు నడిపాకే మార్పు పనిచేసిందని నమ్మాలి. ఈలోపు రెండో మార్పు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

డ్రైవర్ వెరిఫయర్ ఆఖరి అస్త్రం. అది అనుమానం ఉన్న డ్రైవర్‌ను కావాలని ఇబ్బంది పెట్టి, తప్పు చేసిన క్షణంలోనే క్రాష్ చేయిస్తుంది. అప్పుడు పేరు కచ్చితంగా దొరుకుతుంది. రీస్టోర్ పాయింట్ పెట్టుకుని, మైక్రోసాఫ్ట్‌వి కాని ఒకటి రెండు డ్రైవర్లనే ఎంచుకుని, షాపు మూసిన తర్వాత నడపాలి. పని అయ్యాక సేఫ్ మోడ్ నుంచైనా సరే రీసెట్ చేయడం మరిచిపోకూడదు.

డ్రైవర్‌ను మార్చేటప్పుడు

"లేటెస్ట్ డ్రైవర్ వేయండి" అన్నది అందరూ ఇచ్చే సలహా. క్రాష్‌లు విండోస్ అప్‌డేట్ తర్వాత మొదలైతే ఆ సలహా తలకిందులు. అప్పుడు కావలసింది పాతది. అడాప్టర్ ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబులో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కాలి. ఆ బటన్ వెలిసిపోయి ఉంటే పాత డ్రైవర్ నిల్వలో లేదని అర్థం. అప్పుడు కంప్యూటర్ తయారీదారు సైటులో ఆ మోడల్ పేజీ నుంచి తెచ్చుకోవాలి. లాప్‌టాప్‌కు చిప్ కంపెనీ ఇచ్చే డ్రైవర్ కన్నా తయారీదారు ఇచ్చేదే ముందు ప్రయత్నించదగ్గది. ఆ మోడల్ బయోస్‌తో (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే సాఫ్ట్‌వేర్), పవర్ అమరికతో కలిపి పరీక్షించింది అదే.

తీసేముందు కొత్తది పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. నెట్ డ్రైవర్ తీశాక నెట్ ఉండదన్న సంగతి తీసేశాక గుర్తొస్తుంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ ఫైళ్లను కూడా తొలగించే టిక్ పెట్టాలి. లేకపోతే రీస్టార్ట్ అవగానే విండోస్ తన డ్రైవర్‌స్టోర్ నుంచి అదే ఫైలును మళ్లీ వేస్తుంది. పాత వెర్షన్లు మూడు నాలుగు పేరుకుని ఉంటే విండోస్‌తో వచ్చే పీఎన్‌పీ యుటిల్ టూల్‌తో ఒక్కొక్కటే తీయాలి. రోల్ బ్యాక్ చేసిన మర్నాడే విండోస్ అప్‌డేట్ కొత్తదాన్ని మళ్లీ తెచ్చి వేయడం ఇంకో చిక్కు. విండోస్ ప్రో ఉంటే గ్రూప్ పాలసీలో "డూ నాట్ ఇంక్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్" ఎనేబుల్ చేయవచ్చు. హోమ్‌లో డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌కు వెళ్లి "నో" పెట్టాలి.

డాంగిల్ డబ్బా మీది బ్రాండ్‌ను నమ్మి డ్రైవర్ వెతకడం వృథా. వేర్వేరు పేర్లతో అమ్మే చవక డాంగిళ్లలో చిప్ ఒకటే కావచ్చు, ఒకే పేరుతో అమ్మేవాటిలో చిప్ మారిపోవచ్చు. డీటెయిల్స్ ట్యాబులో హార్డ్‌వేర్ ఐడీస్ చూడాలి. యూఎస్‌బీ డాంగిల్‌లో వీఐడీ (తయారీదారు సంఖ్య) 0బీడీఏ అని ఉంటే చిప్ రియల్‌టెక్. లోపలి కార్డుకు అదే సంఖ్య వెన్ అని ఉంటుంది: 10ఈసీ రియల్‌టెక్, 8086 ఇంటెల్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 168సీ ఏథెరోస్, 14సీ3 మీడియాటెక్. అన్ని డ్రైవర్లనూ ఒకే క్లిక్‌తో వేస్తామనే ప్యాక్‌లు ఈ ఐడీలకు దగ్గరగా ఉన్నదేదో వేసేస్తాయి. దగ్గరగా ఉండటం కెర్నెల్‌లో సరిపోదు.

నెట్‌వర్క్ రీసెట్ గురించి రెండు మాటలు. అది అడాప్టర్లను తీసి మళ్లీ వేస్తుంది, సెట్టింగులను మొదటి స్థితికి తెస్తుంది. డ్రైవర్ ఫైలు మాత్రం అదే ఉంటుంది. నెట్ రాకపోతే ఉపయోగం, క్రాష్‌కు అరుదుగా.

హబ్బు, వైరు, పిడుగు

డ్రైవర్ మీద నింద పడే కేసుల్లో కొన్ని హార్డ్‌వేర్‌వి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. సొంత అడాప్టర్ లేని నాలుగు పోర్టుల హబ్బు దాన్నే పంచుతుంది, ప్రమాణం ప్రకారం పోర్టుకు 100 చొప్పున. అలాంటి హబ్బుకు వేలిముద్ర యంత్రం, వెబ్‌క్యామ్, వైఫై డాంగిల్ మూడూ తగిలిస్తే, వేలు పెట్టిన క్షణంలో వోల్టేజి పడి డాంగిల్ మాయమై మళ్లీ కనిపిస్తుంది. డ్రైవర్‌కు అది నడుస్తుండగా పీకేసినట్టే. డాంగిల్‌ను క్యాబినెట్ వెనక పోర్టుకు మార్చి, మిగతావాటికి అడాప్టర్ ఉన్న హబ్బు వాడటమే దీనికి మందు. యూఎస్‌బీ 3.0 పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి కాబట్టి డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పెట్టకూడదు. అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరు చాలు.

పిడుగుల కాలంలో లాన్ పోర్టు దెబ్బతింటుంది. ఫైబర్‌లో కరెంటు పారదు, కానీ ఫైబర్ వచ్చి ఆగే పెట్టెకు అడాప్టర్ ఉంటుంది, దాని నుంచి కంప్యూటర్‌కు రాగి వైరు వస్తుంది. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మేడ మీదుగా లాగిన లాన్ వైరు ఇంకా ప్రమాదం. పోర్టు సగం కాలిన కార్డు పూర్తిగా చావదు. ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు డివైస్ మేనేజర్‌లో కోడ్ 10 అనో కోడ్ 43 అనో పసుపు గుర్తు పెడుతుంది. 1 గిగాబిట్ రావాల్సిన చోట 100 మెగాబిట్లే రావడం కూడా ఒక సూచన, అయితే ముందు వైరు మార్చి చూడాలి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. ఒక్క తీగ తెగినా వేగం అలాగే పడిపోతుంది. వైరు మంచిదై కూడా పోర్టు అలాగే ఉంటే బయోస్‌లో ఆన్‌బోర్డ్ లాన్ డిసేబుల్ చేసి వేరే పీసీఐ కార్డు వేసుకోవాలి.

విండోస్ 10 గడువు ముగిశాక

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత యంత్రాలు ఒక్కసారిగా ఆగిపోవు. కానీ వాటి నెట్ కార్డులకు కొత్త డ్రైవర్లు వచ్చే దారి ఇరుకవుతుంది, అప్పుడు ఉన్న వెర్షన్లలో నిలకడైనదాన్ని పట్టుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడమే పని. విండోస్ 11కు మారినవారికి వేరే అనుభవం ఎదురవుతుంది. కోర్ ఐసోలేషన్‌లోని మెమరీ ఇంటిగ్రిటీ కొన్ని పాత డ్రైవర్లను ఎక్కనివ్వదు. ఆ డ్రైవర్ పేరు అదే పేజీలో జాబితాగా చూపిస్తుంది. దాని కోసం రక్షణను ఆపేయడం కన్నా ఆ కార్డును వదిలేయడం మంచిది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కు 2025లో వచ్చిన మార్పుతో నీలి తెర నల్ల తెర అయింది. స్టాప్ కోడ్‌తో పాటు అనుమానిత డ్రైవర్ పేరును తెర మీదే చూపేలా దాన్ని మార్చారు. పైన చెప్పిన జాగ్రత్త ఆ పేరుకూ వర్తిస్తుంది.

లాప్‌టాప్‌లో వైఫై కార్డు మార్చాలనుకుంటే కొనేముందు ఒకటి చూడాలి. ఇంటెల్ ఏఎక్స్201 వంటివి సీఎన్‌వీఐ కార్డులు. ఎం.2 స్లాటులో పట్టినా, వాటికి తగిన ఇంటెల్ చిప్‌సెట్ లేకపోతే పనిచేయవు, ఏఎమ్‌డీ యంత్రంలో అసలే పనిచేయవు. ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు, రెండింటిలోనూ నడుస్తాయి. కొన్ని పాత లాప్‌టాప్‌ల బయోస్ తన జాబితాలో లేని వైఫై కార్డు కనిపిస్తే బూట్ కావడానికే ఒప్పుకోదు. అలాంటిదానికి చిప్ ఐడీ చూసి కొన్న యూఎస్‌బీ డాంగిలే మిగిలిన దారి, అదీ హబ్బుకు కాకుండా నేరుగా పోర్టుకు.